మగ్గం ఆగిన చప్పుడు

"నీ మనవరాలికి చెప్పుమా, ఆ ఫోను పట్టుకొని మగ్గం కాడికి రావద్దని."

నాగేశ్వర ఈ మాట తల్లి ఓబులమ్మతో అన్నాడు. ఆ మనవరాలు, అంటే ఆయన కూతురు అరుణజ్యోతి, ఆయన పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. నిన్న సాయంత్రం నుంచి కూతురితో అనవలసిన మాటలన్నీ ఆయన తల్లి మీదుగానే పంపుతున్నాడు. చెంబు అందుకోమన్నా అవ్వతోనే, ఫ్యాను ఆపమన్నా అవ్వతోనే. నిన్న రాత్రంతా అవ్వకు ఈ పెద్దరికం బాగానే ఉండింది. ఈ పొద్దుటికి మొహం మొత్తింది.

"నేనేమన్నా టపాలు మోసేదాన్నా? అది ఈడనే ఉండాది. నువ్వే చెప్పుకో."

నాగేశ్వర చెప్పుకోలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర, మామిడిపండు రంగుకి వంగపండు రంగు అంచు. ధర్మవరంలో ఆ వీధి పొడుగునా మగ్గాలు ఆడుతున్నాయి. ఈ ఇంట్లోది ఒక్కటే ఆగి ఉంది. ఆదివారం కదా, అందుకే ఆగిందని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. నేతగాళ్ళకు ఆదివారమేమిటి?

అరుణకు ఏడుపొస్తోంది. నాలుగు తిట్టినా బాగుండు అనుకుంది. తిట్టేవాళ్ళతో తిరిగి పోట్లాడవచ్చు. ఇలా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న మనిషితో ఎవరు పోట్లాడతారు?

"నేను కావాలని చేయలేదని చెప్పవ్వా నాయనకు," అంది తనూ.

అవ్వ ఇద్దరివైపూ చూసి, రాట్నం ముందుకు లాక్కుని కండెలు చుట్టుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి అరుణ తల్లి లక్ష్మమ్మ గిన్నెలతో పాటు మాటలు కూడా కాస్త గట్టిగా పెట్టింది. పిల్ల ఏం తప్పు చేసిందట, తండ్రిని అంత అందంగా చూపించడం తప్పా, తమ పెళ్ళిలో తీసిన వీడియోలో కూడా ఈ మనిషి ఇంత బాగా లేడు, అని. ఆ చివరి మాట నాగేశ్వరకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది కానీ ఆయన బయటపడలేదు.

ఇంతకీ నేరం ఏమిటంటే, ఒక మూడు నిమిషాల వీడియో.

అనంతపురం కాలేజీలో అరుణ వీడియో తీయడం, ఎడిటింగ్ చేయడం నేర్చుకుంటోంది. మీ ఇంట్లో జరిగే పని ఏదైనా తీసి తీసుకురండి అన్నారు సారు. క్లాసులో సగంమంది వంటలు తెచ్చారు. అరుణ మగ్గం తెచ్చింది. అందులో పోగు మోసే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది, చీర పెరిగింది, నాయన నుదుటి మీద చెమట మెరిసింది, మొదటి నుంచి చివరిదాకా మగ్గం ఒక్క క్షణం ఆగలేదు. కట్ ఎక్కడుందో తెలియడమే లేదని సారు రెండోసారి వేయించుకుని చూశారు. ఆ సంతోషంలో అరుణ ఇంటికొచ్చి తల్లికి చూపించింది. తల్లి అంతకంటే పెద్ద సంతోషంలో గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉండే చెల్లెలికి పంపింది. ఫోనులో పంపింది ఏదైనా పంపినచోట ఆగుతుందా? తిరిగి తిరిగి మళ్ళీ ధర్మవరమే చేరి, నిన్న సాయంత్రం షావుకారు బాలప్ప చేతిలో పడింది.

పట్టునూలు ఇచ్చేది బాలప్ప, నేసిన చీర తీసుకునేదీ బాలప్పే. ఈసారి ఆయన ఇచ్చిన పడుగు మంచిది కాదని, నిలువు పోగులు ఊరికూరికే తెగిపోతున్నాయని, మార్చి ఇవ్వమని నాగేశ్వర ఉగాది ముందు నుంచి అడుగుతున్నాడు. ఎండగాలికి తెగుతున్నాయిలే, గుంటలో నీళ్ళు చల్లుకో అంటాడు బాలప్ప. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మబ్బు కనిపిస్తే జనం అనుమానంగా చూసే సీమ అది. ఆ గాలికి పట్టుపోగు పెళుసెక్కుతుంది. నీళ్ళు చల్లినా తెగుతున్నాయని నాగేశ్వర. ఇలా సాగుతున్న వ్యవహారం మధ్యలో ఈ వీడియో వచ్చి పడింది.

"ఏమప్పా నాగేశ్వరా, ఒక్క పోగు గూడా తెగలేదు కదప్పా," అని బాలప్ప ఫోనులో నవ్వాడు. "మా పడుగు ఇంత బాగుంటే నాకి యాల అట్ల చెప్తివి?"

నవ్వుతూ అన్నాడు కాబట్టి ఇంకా మండింది. నాగేశ్వర ఇంతవరకు అబద్ధమాడాడన్న మాట పడలేదు, షావుకారు దగ్గరైతే అసలే పడలేదు. ఇప్పుడు ఆ మాట కూతురి చేతుల మీదుగా వచ్చింది. మధ్యాహ్నం తనే వచ్చి మగ్గం చూస్తానన్నాడు బాలప్ప. వచ్చి, చూసి, నవ్వేసి పోతే ఇక ఈ పడుగు మారదు. చీర నిండా అతుకులే. ఆ అతుకుల చీర నాగేశ్వర నేసినదన్న పేరుతోనే ఎవరింటి పెళ్ళికో పోతుంది.

"నాకి తెలీక అడుగుతా," అంది అవ్వ రాట్నం ఆపి. "ఆ వీడియోలో నా చెయ్యి ఒక్కటే యాల పడింది? పొద్దంతా కండెలు చుడితి కదా. నా మొగం యాడికి పోయ?"

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యివైపు తిరిగింది.

"తెగినప్పుడు యాల తీయలేదో అడుగుమా దాన్ని," అన్నాడు నాగేశ్వర.

ఈ మాటకు అరుణకు రోషం వచ్చింది. అవ్వ సంగతి మరిచిపోయి నేరుగా తండ్రితోనే అంది. "నువ్వే కదా నాయనా తీయొద్దంటివి. పోగు తెగినప్పుడంతా చెయ్యి అడ్డం పెడితివి."

పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లోనైనా అంతే. పోగు తెగితే నేతగాడు దాన్ని బయటివాళ్ళకు చూపించడు. చీర చూడవచ్చినవాళ్ళు గడపలో నిలబడి ఉంటే ఒక అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్ళను మాటల్లో పెట్టి, రెండో చేతి వేళ్ళతో కొసలు వెతుక్కుని అతికేస్తాడు. అతికిన చోటు కంటికి కనపడకూడదు, వేలికి తగలకూడదు. ఫోను కూడా బయటిదే కదా. అందుకే పోగు తెగిన ప్రతిసారీ నాగేశ్వర అరచెయ్యి లేచింది, అరుణ వీడియో ఆపింది. ఆయన అతికి నాడె అందుకోగానే మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత ఆ ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి, కలిపిన చోటు తెలియకుండా కలిపింది. కట్ తెలియకూడదని సారు పాఠం చెబుతున్నప్పుడు మిగతా పిల్లలు రాసుకున్నారు. అరుణ రాసుకోలేదు. నేతగాళ్ళింటి పిల్లకు ఆ సంగతి వేరే చెప్పాలా?

నాగేశ్వర తల్లివైపే తిరిగి, "అవును, తీయొద్దంటి," అన్నాడు. "తీయొద్దంటే, అసలు తెగనే లేదని ఊరికంతా చూపించమంటినా? అడుగుమా."

ఆయన మాటా నిజమే, అరుణ మాటా నిజమే. పోగు తెగిన ముక్క ఒక్కటి ఉన్నా బాలప్ప ముందు పెట్టేది. అదే లేదు. తీసి పారేసి ఉంటే వెతకవచ్చు, తీయనే తీయనిదాన్ని ఎక్కడని వెతుకుతుంది?

వాకిట్లో స్కూటీ ఆగింది. నాజ్‌నీన్ వచ్చింది. అరుణ క్లాసే, ఆ రోజు షూటింగులో చప్పుడు పట్టే పని ఈ పిల్లదే. వాళ్ళ నాన్న మస్తాన్ వలి బస్టాండు దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు, స్పీకర్లు బాగుచేస్తాడు. అరుణ పొద్దున ఫోనులో ఏడిస్తే, ఒక భుజాన లాప్‌టాప్ సంచి, ఇంకో చేతిలో నాన్న కొట్లోంచి తెచ్చిన స్పీకరుతో దిగింది.

గడప దగ్గర నిలబడి ఇంట్లోవాళ్ళ మొహాలు చూసింది.

"అంకుల్, తిట్టేది అయిపోయిందా, ఇంకా ఉండాదా? ఉంటే నాది గూడా ఇప్పుడే తిట్టేయండి, తర్వాత పనుంది."

నాగేశ్వరకు నవ్వు వచ్చేసింది. వచ్చిన నవ్వు కనపడకుండా వంగి, గుంటలో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

నాజ్‌నీన్ చాప మీద చతికిలబడి సంగతి చెప్పింది. బొమ్మను ఒక ఫోనుతో, చప్పుడును ఇంకో ఫోనుతో విడివిడిగా పట్టాలని సారు చెప్పిన పాఠం ప్రకారం ఆ రోజు ఆమె తన పాత ఫోనును మగ్గం పైదూలానికి తాడుతో కట్టింది. అరుణ తీయడం ఆపిన ప్రతిసారీ అదీ ఆపాలని ఆమెకు తోచలేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఫోనులో చోటు అయిపోయేదాకా, ఒక పావుగంట, అది అలా వింటూనే ఉంది. అరుణ అందులోంచి మగ్గం బాగా ఆడిన ముక్క ఒకటి తీసుకుని వీడియో అంతటికీ అదే పరిచేసింది. మిగతాది ఎవరూ వినలేదు.

"బొమ్మ లేదు గాని చప్పుడు ఉండాది," అంది నాజ్‌నీన్.

అరుణ కళ్ళు తుడుచుకుని లాప్‌టాప్ ముందుకు జరిగింది.

తెర మీద ఆ పావుగంట చప్పుడు ఒక పొడుగాటి గీతలా పరుచుకుంది. మగ్గం ఆడినచోట గీత గుట్టలు గుట్టలుగా లేచింది. ఆగినచోట చదునుగా పడుకుంది. అవ్వ రాట్నం వదిలి వచ్చి అద్దాలు సర్దుకుని వంగి చూసింది. ఇదేమని అడిగింది. గుట్టలన్నీ మగ్గం ఆడేది, చదునంతా ఆగేది అని అరుణ చెప్పింది.

"గుట్టల కన్నా బీడే ఎక్కువుండాది కదే," అంది అవ్వ.

ఆ మాట విని లక్ష్మమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరుణ ఆ చదునులు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టుకుంటూ పోయింది. తను అంత ముచ్చటగా పేర్చుకున్న మూడు నిమిషాల వెనక నాయన ఎంతసేపు వంగి ఉన్నాడో ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. అంతసేపూ తను పక్కనే నిలబడి, వేలు ఫోను మీద పెట్టుకుని, ఎప్పుడెప్పుడు లేస్తాడా అని చూసింది.

ఇద్దరూ పనిలో పడ్డారు. అరుణ తీసిన ముక్కల్లో ఆ పావుగంటలోవి వరసగా తీసి, చప్పుడు గీత మీద గుట్ట ఉన్నచోటల్లా పెట్టడం మొదలుపెట్టారు. చదును ఉన్నచోట ఏమీ పెట్టలేదు. పెట్టడానికి ఏమీ లేదు కాబట్టి అక్కడ తెర నల్లగా ఉంటుంది, కింద చప్పుడు మాత్రం నడుస్తుంది. మొదటి ముక్క తేలిగ్గానే కుదిరింది. షూటింగు మొదట్లో నాజ్‌నీన్ ఫోన్ల ముందు చప్పట్లు కొట్టింది, ఆ చప్పుడు పట్టుకుని బొమ్మను దానికి జత చేశారు. భజనకు గాని కొట్టినావేమో అనుకుంటినే ఆ పొద్దు, అంది అవ్వ. తర్వాతి ముక్కలకు చప్పట్లు లేవు. మగ్గం దెబ్బను బట్టే చూసుకోవాలి. ఒక ముక్క దగ్గర ఎంత జరిపినా ఏదో తేడా. ఇద్దరూ దాన్ని ముందుకూ వెనక్కూ లాగి లాగి విసిగిపోయారు.

"ఒక దెబ్బ వెనకుండాదని చెప్పుమా," అంది గుంటలోంచి గొంతు.

నాగేశ్వర ఇటు తిరగలేదు. అరుణ ఒక దెబ్బ ముందుకు జరిపింది. నాడె చేతిలోంచి పోవడం, దెబ్బ పడడం, రెండూ ఒక్కసారే అయ్యాయి. నాజ్‌నీన్ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. అరుణ నవ్వింది, నిన్నటి నుంచి మొదటిసారి.

మొత్తం పేర్చాక అందరూ చుట్టూ చేరి చూశారు. నాగేశ్వర ఉన్నచోటనే ఉన్నాడు కానీ మెడ మాత్రం ఇటువైపే ఉంది. మగ్గం ఆడింది, ఆడింది, తెర నల్లబడింది. కరెంటు పోయిందనుకుని అవ్వ ఫ్యానువైపు చూసింది. ఆ చీకట్లో నాయన గొంతు వినిపించింది. "తీయొద్దు పాపా." తర్వాత ఆయన ఊపిరి. గాజుల చప్పుడు, రాట్నం తిరిగిన చప్పుడు. ఎంతసేపటికో మళ్ళీ నాడె, మళ్ళీ బొమ్మ. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, మళ్ళీ నలుపు. "తీయొద్దు పాపా."

అలా ఎన్నిసార్లో. ఇరవై ఏళ్ళుగా లక్ష్మమ్మ పక్క గదిలో వింటున్న చప్పుడే అది, అయినా ఇప్పుడే విన్నట్టు వింటోంది.

సగం దాటాక, తెర నల్లగా ఉన్నప్పుడు, నాగేశ్వర గొంతు కాస్త గట్టిగానే పలికింది.

"ఈ నూలిచ్చిన బాలప్పను తెచ్చి ఒకపొద్దు ఈ గుంటలో కూచోబెట్టల. అప్పుడు తెలుస్తాది. కూచుందామన్నా ఆ బొజ్జ పట్టితే కదా."

దాని వెనకే స్పీకరులో లక్ష్మమ్మ కిసుక్కున నవ్వింది. ఆ వెనక అవ్వ గొంతు, "గుంట వెడల్పు చేయల్లే."

ముందు నాజ్‌నీన్ నవ్వింది. తర్వాత అవ్వ, తన మాటకు తనే. తర్వాత అరుణ, లక్ష్మమ్మ. ఆఖరికి నాగేశ్వర భుజాలు కూడా కదిలాయి. నిన్నటి నుంచి బిగుసుకుపోయిన ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఒకరి తర్వాత ఒకరికి ఒకే సంగతి గుర్తొచ్చి నవ్వులు ఆగిపోయాయి. ఇంకాసేపట్లో ఇది వినవలసినవాడు ఆ బొజ్జ ఉన్నాయనే.

ఆ ముక్క తీసేయమంది లక్ష్మమ్మ. అందులో అనుమానమేముంది అన్నట్టు నాజ్‌నీన్ వేలు అప్పుడే మీట మీదికి పోయింది. అరుణ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒకసారి కత్తిరించి చూస్తిమి కదమ్మా," అంది. "ఇది తీసేస్తే, ఇంకా ఏమేం తీసినావని బాలప్ప మామ అడుగుతాడు. ఏమని చెప్పేది?"

లక్ష్మమ్మకు కోపం వచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి, దాంతో పాటు ఆయన బొజ్జ సంగతి వినిపిస్తామా, రేపటి నుంచి నూలు ఎవరిస్తారు, అని గట్టిగానే కేకలేసింది. అరుణ తగ్గలేదు. తీస్తే మొత్తం అబద్ధమైపోతుందంది. ఇద్దరూ సమానంగా మొండివాళ్ళు. అవ్వ ఎటూ చెప్పలేదు, అందులో ఆమె గొంతూ ఉంది మరి. చివరికి అందరి చూపులూ గుంటవైపు తిరిగాయి.

నాగేశ్వర చీర అంచును వేలితో ఒకసారి నిమిరాడు.

"ఉన్నది ఉన్నట్టే పెట్టమని చెప్పుమా," అన్నాడు. "అన్నది నేనే కదా. పడేది గూడా నేనే పడతా."

ఈసారి మాత్రం అవ్వ టపా మోయడానికి విసుక్కోలేదు. మనవరాలి తల నిమిరి, ఆ మాటను పొల్లు పోకుండా అందజేసింది.

భోజనాల వేళ దాటాక బాలప్ప వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, భుజాన కండువా. నవ్వు మొహమే. కూర్చోగానే మజ్జిగ గ్లాసు అందుకుని, అరుణను పిలిచి, భలే తీసినావు తల్లీ అని మెచ్చుకున్నాడు. జేబులోంచి ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ అందరికీ చూపించాడు, వాళ్ళు చూడనట్టు. తను నూలిచ్చిన మిగతా ఇళ్ళలో కూడా చూపించానన్నాడు.

"వాళ్ళు గూడా ఇదే పాట పాడుతాండారప్పా, తెగుతాది తెగుతాది అని. నాగేశ్వర మగ్గంలో తెగంది మీ మగ్గంలో యాల తెగుతాదని అడిగితి. ఒక్కరు మాట్లాడలేదు."

నాగేశ్వర తలెత్తి చూశాడు. మిగతా ఇళ్ళలోనూ తెగుతున్నాయన్న సంగతి ఆయనకు తెలియదు. తన వీడియో చూపించి వాళ్ళ నోళ్ళు కూడా బాలప్ప మూయించాడన్నమాట. ఆయన చీర మీద నుంచి చెయ్యి తీసేయడం అరుణ చూసింది. ఇక ఆగలేకపోయింది.

"మామా, అది సగమే. మిగతా సగం ఈడ ఉండాది. చూస్తావా?"

బాలప్ప సరదాగానే సరేనన్నాడు. నాజ్‌నీన్ స్పీకరు కలిపింది. తెర నల్లబడగానే, బొమ్మ పోయింది కదమ్మా అన్నాడు. పోలేదు, అది తను తీయడం ఆపిన చోటు, చప్పుడు వినమంది అరుణ. ఆయన విన్నాడు. మగ్గం ఆగడం విన్నాడు, "తీయొద్దు పాపా" విన్నాడు, మళ్ళీ ఆడడం, మళ్ళీ ఆగడం. మజ్జిగ గ్లాసు సగంలోనే కింద పెట్టాడు. షావుకారు కాకముందు ఆయనా ఈ వీధిలోనే, కొన్నాళ్ళు ఈ ఇంట్లోనే, మగ్గం నేసినవాడు. తెర నల్లబడినప్పుడల్లా మోకాలి మీద ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, పోగు అతికేటప్పటిలాగే. ఆయనకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

అయినా షావుకారు షావుకారే. "చప్పుడుదేముందిలే," అన్నాడు కాస్త కదిలి. "చాయ్ తాగేకి లేచినా మగ్గం ఆగుతాది."

సరిగ్గా అప్పుడే స్పీకరులోంచి నాగేశ్వర గొంతు ఆయన్ను తెచ్చి గుంటలో కూర్చోబెట్టాలంది. బొజ్జ సంగతీ అంది. లక్ష్మమ్మ కిసుక్కుమంది. గుంట వెడల్పు చేయమంది అవ్వ.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నాజ్‌నీన్ స్పీకరు తీగను ఎంతో శ్రద్ధగా పరీక్షించసాగింది. లక్ష్మమ్మ వంటింట్లోకి మాయమైంది. స్పీకరులో మగ్గం మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది, ఏమీ ఎరగనట్టు.

"అదెవరిది, ఆ కడపటి మాట?" అని అడిగాడు బాలప్ప.

"నాదేలేప్పా," అంది అవ్వ. "నీ పెండ్లికి ముందు ఈ గుంట నీకి శానా వెడల్పుండ్య."

"అది కాదప్పా, ఏదో నోరు జారి..." అంటూ నాగేశ్వర లేవబోయాడు.

బాలప్ప చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. లేచి కండువా తీసి కొక్కేనికి తగిలించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. మొహంలో నవ్వు లేదు.

"పట్టదంటివి కదా. జరుగు."

ఆయన గుంటలో దిగడం చూడవలసిన వేడుకే. ముందు ఒక కాలు, తర్వాత మగ్గం గుంజ పట్టుకుని ఇంకో కాలు, తర్వాత ఊపిరి బిగబట్టి మిగతా మనిషి. పట్టాడు. కష్టం మీద, కానీ పట్టాడు. అవ్వ మెచ్చుకోలుగా తలాడించింది. నీళ్ళు చల్లమ్మా లక్ష్మమ్మా, తర్వాత ఎండగాలి అనేకి లేకుండా, అని ఆయనే కేకేశాడు. లక్ష్మమ్మ చెంబుతో పరుగెత్తుకొచ్చి గుంట చుట్టూ చల్లింది. తడిమట్టి వాసన లేచింది. ఆ ఊళ్ళో ఆ వాసనకు మనుషుల మొహాలు వాటంతట అవే విప్పారతాయి.

బాలప్ప నాడె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వదిలాడు. మొదట తడబడింది. రెండోసారి కుదిరింది. తర్వాత చేతులకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే నిన్నటి నుంచి మూగబోయిన ఇల్లు మళ్ళీ మోగింది. ఆయన పెదవుల మీదికి నవ్వు దానంతట అదే తిరిగొచ్చింది. అది షావుకారు నవ్వు కాదు, అవ్వ ఎరిగిన కుర్రాడి నవ్వు. చూడు, చూడు, అంది అవ్వ నాజ్‌నీన్ చెయ్యి గట్టిగా పట్టుకుని. నాగేశ్వర కూడా తన సొంత మగ్గం పక్కన పరాయివాడిలా నిలబడి, ఆ చేతుల వాటం చూస్తూ తనకు తెలియకుండానే తలూపుతున్నాడు.

అరుణ ఫోను ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. మగ్గం కాడికి ఫోను తేవద్దన్న పొద్దుటి మాట గుర్తుంది. అయినా వేలు నొక్కేసింది. కెమెరాలో బాలప్ప నవ్వు మొహం, వెనకే నాయన.

మగ్గం ఆగింది.

ఒక పోగు తెగింది. బాలప్ప నవ్వు అలాగే ఉండిపోయింది. ఎడమచెయ్యి కొసల కోసం పడుగులోకి పోయింది, కుడి అరచెయ్యి దానంతట అదే పైకి లేచి కెమెరాకు అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ చేతికి అలవాటు పోలేదు.

"తీయొద్దు తల్లీ," అన్నాడు.

అరుణ బొటనవేలు వీడియో ఆపే ఎర్రచుక్క మీదికి పోయింది. ఆమెదీ అలవాటే.

"తియ్యి, పాపా."

అవ్వ తిరిగి చూసింది. ఆ మాట తన మీదుగా పోలేదు. నిన్నటి నుంచి నాగేశ్వర కూతురితో నేరుగా అన్న మొదటి మాట అది. అరుణ బొటనవేలు ఎర్రచుక్క మీద నుంచి తీసేసింది. ఫోను కిందికి దించలేదు.

తెర నిండా బాలప్ప అరచెయ్యి. వేళ్ళ సందుల్లోంచి ఆయన కళ్ళు కనిపిస్తున్నాయి. అవి అరుణను చూడటం లేదు, నాగేశ్వరను చూస్తున్నాయి. ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

అరుణ తీయడం ఆపలేదు.